మూడో సంచి మోసిన మా కారోబారు సిద్దిరాములు గారు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది, జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం శ్రీ సిద్దిరాములు గారు మా గ్రామ పంచాయతీలో కారోబారుగా బాధ్యతలు స్వీకరించారు. ఆ తేదీ ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందని మా కార్యదర్శి సాయిలత గారు నన్ను అడిగారు. గుర్తుండక ఏం చేస్తుంది, ఆ పొద్దు పంచాయతీ వాకిలి ఊడుస్తున్నది నేనే. ముసురు పట్టి ఎటు చూసినా బురద. కొత్తగా వచ్చిన ఆ పాతికేండ్ల మనిషి చెప్పులు చేతిలో పట్టుకొని, నేను ఊడ్చిన చోట అడుగు పడకుండా గోడ వెంట నడిచి లోపలికి పోయారు. తరువాత ఎందరో పెద్దలు ఆ గడప దాటారు గాని, ఊడ్చిన చోటును చూసి నడిచినవారు తక్కువ. ఇప్పుడు రెండువేల ఇరవై ఐదు, జూన్ ముప్పైన, అదీ సోమవారమే, వారు పదవీ విరమణ చేస్తున్న ఈ శుభ సందర్భంలో, సఫాయి పనిచేసే ఈ అంజవ్వను కూడా ఈ వీడ్కోలు సంచికకు రాయమనడం నా భాగ్యంగా భావిస్తున్నాను.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే దారి పక్కన ఉండే మా ఊళ్లో కారోబారు అంటే పేరుకు పంచాయతీ పద్దులు రాసే ఒక పని, చేసేది పది మంది పని. పుట్టినవారి పేర్లు, పోయినవారి పేర్లు రాయడం మొదలు, వీధి దీపం వెలగకపోయినా, నల్లా రాకపోయినా జనం వారి ఇంటి తలుపే తట్టేవారు. వారి సతీమణి వినోద గారు ఆ తలుపు ఎన్నిసార్లు తీసి ఉంటారో ఆమెకే తెలియాలి. రెండో తరగతితో బడి మానేసిన నన్ను, మధ్యాహ్నం పని లేని వేళ పంచాయతీ అరుగు మీద కూర్చోబెట్టి, పాత నోటీసుల వెనుక వైపు అక్షరాలు దిద్దించినది కూడా వారే. ఈ నాలుగు మాటలు నేను రాయగలిగానంటే అది వారి సహనం, తప్పులుంటే అవి నావి.

రెండువేల పందొమ్మిదిలో ఇంటింటికి రెండు బకెట్లు వచ్చాయి. తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలం రంగుది. ఊరికొక ట్రాక్టరు, ఊరి బయట చెత్త వేరుచేసే షెడ్డు, అందులో వానపాములతో ఎరువు చేసే తొట్లు కూడా వచ్చాయి. ఆ షెడ్డు బాధ్యత నాకు అప్పగించారు. చీపురు పట్టిన చేతికి ఒక తాళంచెవి రావడం నా జన్మలో అదే మొదటిసారి.

వేరుచేయండి అని చెప్పడం తేలిక, చేయించడం కష్టం. జనం రెండు బకెట్లలో వేరుగా ఇచ్చిన చెత్తను వాళ్ల కళ్ల ముందే ఒకే ట్రాక్టరు తొట్టిలో పోస్తే ఎవరు నమ్ముతారు? సిద్దిరాములు గారు బడిలో మూలన పడిన పాత తలుపు తెప్పించి ట్రాక్టరు తొట్టికి అడ్డుగా బిగించారు. అయినా ఆకుపచ్చ బకెట్లు ఖాళీగానే వచ్చేవి. మా దగ్గర తొక్కలు, గంజి, మిగిలిన అన్నం అన్నీ బర్రెల కుడితిలోకే పోతాయి; బకెట్టుకు మిగిలేది ఏముంది? ఎరువు ఏదని మండలం నుంచి అడిగిన ప్రతిసారీ వారి ముఖం చిన్నబోయేది.

మా ఊళ్లో సగం ఇండ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. తునికాకును నానబెట్టి, మెత్తబడ్డాక కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకొని చుడతారు. ఆకు నానబెట్టుకోవడానికి ఆకుపచ్చ బకెట్టు వాళ్లకు చక్కగా కుదిరింది. ఒకరోజు బీడీలు చుట్టే రుక్మాబాయి వాకిట్లో ఆ బకెట్టు నిండా ఆకు కత్తిరింపులు కనబడగానే సిద్దిరాములు గారి ముఖం వెలిగిపోయింది. ఆకు ఏదైనా ఆకే, నానింది గనుక తడి చెత్తే, అన్నీ ఇందులోనే వేయండని వారు ఇంటింటికి తిరిగి చెప్పారు. తొట్లు నిండాయి. నేనూ సంతోషపడ్డాను.

వారం తిరగకుండా వానపాములన్నీ చచ్చిపోయాయి. పెంట పైకి తెల్లగా తేలి, తాళ్లలా పడి ఉన్నాయి. బీడీల ఇండ్ల నుంచి ఫినాయిలు వచ్చిందని ఎవరో అన్నారు, అందరూ అవునన్నారు. సిద్దిరాములు గారికి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఇక బీడీల ఇండ్ల చెత్త ఎత్తబోమని ట్రాక్టరు మైకులో ఊరంతా చెప్పించారు.

మరునాడు పొద్దున పంచాయతీ ముందు ఆకుపచ్చ బకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. బోర్లించినవి కొన్ని, పక్కకు పడేసినవి కొన్ని. మీ బకెట్లు మీరే ఉంచుకోండి, మా చెత్త మేమే కాల్చుకుంటామని ఆ ఆడవాళ్లు చెప్పి పంపారు. సగం ఊరు బకెట్లు తిరిగి ఇచ్చాక షెడ్డు ఎందుకు? తాళంచెవి తిరిగి ఇవ్వమంటారేమోనని ఆ రోజంతా దాన్ని కొంగుకు ముడి వేసుకొని తిరిగాను.

చేతులు ఊరుకోక ఆ తొట్టిలో పెంటను తిరగేస్తుంటే ఏడు తుమ్ములు వచ్చాయి. ఆకు ముక్కల మధ్య ముద్దలు ముద్దలుగా తంబాకు పొడి, బీడీలో నింపే పొగాకు. చాట దులిపినప్పుడు పడేది, ఆకు కత్తిరింపులతో కలిసి మా తొట్లలోకి వచ్చింది. ఒక ముద్ద కాగితంలో చుట్టి సిద్దిరాములు గారి బల్ల మీద పెట్టాను. వారు వాసన చూసి కాగితాన్ని మళ్లీ మడిచారు. తరువాత, "అవ్వా, ఆకు ఆకే అని చెప్పింది నేనే గద" అని మాత్రం అన్నారు.

ఇంకొకరైతే ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి ఊరుకునేవారు. వారు ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకొని రుక్మాబాయి వాకిట్లోకి పోయి, బీడీలు చుడుతున్న ఆడవాళ్ల ముందు చాపమీద కూర్చొని, తప్పు తనదని, మైకులో అన్నది వెనక్కి తీసుకుంటున్నానని చెప్పారు. రుక్మాబాయి చేతిలోని బీడీ చుట్టడం ఆపలేదు.

"ఎర్రలు వారానికే సచ్చినయంటే మీకు ఎరుకైంది సారూ," అన్నది ఆమె. "మేం ముప్పై ఏండ్ల సంది గదే పీలుస్తున్నం. మేం దగ్గితె ఏ మైకుల చెప్పిండ్రు?"

సిద్దిరాములు గారు తలవంచుకొని కూర్చున్నారు. వెళ్లిపోతారనుకున్నాను, వెళ్లలేదు. కొంతసేపటికి ఆమె పక్కనున్న చాట తీసుకొని, "ఇది ఎట్ల దులుపుతరో సూపియ్యి, నేర్సుకుంట" అన్నారు. ఆమె చూపించింది. వారు దులిపి, నా కంటే ఎక్కువ తుమ్మారు. అప్పుడు నవ్వింది రుక్మాబాయి.

రెండు బకెట్లకు తోడుగా ఆ వాకిట్లోనే పుట్టింది మూడో సంచి. ఆకు కత్తిరించడం ఒక చాపమీద, తంబాకు దులపడం వేరే గోనెసంచిలోకి, ముక్కు మూతికి బట్ట కట్టుకొని. మరుసటి శుక్రవారం మైకులో వారు చెప్పించిన మాటే వేరు: కారోబారు తప్పు చెప్పాడు, బీడీల ఇండ్లవాళ్లది తప్పు కాదు. బకెట్లు ఒక్కొక్కటే వాళ్ల ఇండ్లకు తిరిగిపోయాయి. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం సిద్దిరాములు గారు తంబాకు సంచులను ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ అడగకుండా తామే భుజాన వేసుకొని షెడ్డుకు తెచ్చేవారు. దగ్గు ఉన్నవారిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకుపోవడం కూడా ఆ శుక్రవారాల పనిలో చేరింది. కొందరికి మందులతో తగ్గింది. కొందరికి తగ్గలేదు.

అంతా చక్కబడిందని రాస్తే అది అబద్ధం అవుతుంది. ఆ తంబాకు పొడిని ఏం చేయాలో ఏ కాగితంలోనూ లేదు. తడి కాదు, పొడి కాదు. మండలానికి వారు రాసిన విజ్ఞప్తులకు ఇంకా జవాబు రావలసి ఉంది. షెడ్డు మూలన సంచులు నా ఎత్తుకు పేరుకొని ఉన్నాయి. కానీ పక్క తొట్లలో కొత్తగా వదిలిన వానపాములు బతికి ఉన్నాయి, అది నేను రోజూ చూస్తున్నాను.

పోయిన శుక్రవారం వారు చివరిసారి సంచి దించి, చెమట తుడుచుకొని, "వచ్చేవారం ఇది ఎవరు మోస్తరు అవ్వా?" అని అడిగారు. నేను జవాబు చెప్పేలోగా రుక్మాబాయి ఇంకో సంచిని తానే మోసుకొని వచ్చి పక్కన దించింది. "మీరు మోసిండ్రని ఇచ్చినమా ఏంది సారూ? పోయి ఇంట్ల కూసోండ్రి" అన్నది.

కర్తవ్యనిష్ఠ కంటే, తప్పు ఒప్పుకునే ధైర్యం అరుదైన గుణమని ముప్పై ఆరేండ్లుగా వారిని దగ్గరగా చూసిన నేను సవినయంగా మనవి చేస్తున్నాను. శ్రీ సిద్దిరాములు గారికి, వినోద గారికి ఆ భగవంతుడు నిండు నూరేండ్లు, మోకాళ్ల నొప్పులు లేని నడకను, దగ్గు లేని ఊపిరిని, తలుపు తట్టేవారు లేని మధ్యాహ్నం నిద్రను ప్రసాదించాలని మనసారా కోరుకుంటున్నాను. షెడ్డు తాళంచెవి ఇంకా నా కొంగుకే ఉంది. సారూ, రేపటి నుంచి మీ ఇంటి బకెట్లు కూడా నేనే చూస్తాను. తడి, పొడి కలిపి ఇస్తే మీవి కూడా తిరిగి మీ గడపలోనే పెట్టిపోతాను.

ఇట్లు,
అంజవ్వ,
సఫాయి కార్మికురాలు