చెబితే నీళ్లయ్యే మందు

కదలొద్దంటే వినరే మీరు. ఆకు వేడివేడిగా వేసినాక ఒక గడియ సేపు దుంగలాగా పడుండాలని మొన్న చెప్పినా, నిన్న చెప్పినా. రేంజరు దొర నడుమైనా, రాళ్లు కొట్టే కూలోడి నడుమైనా నడుముకు తెలిసిన న్యాయం ఒకటే. బోర్లా పడుకోండి. ఆ, అట్ల.

గుర్రాన్ని తిట్టి ఏం లాభం దొరా? పడినప్పటి నుంచి దాన్నే తిడుతున్నారంట, మీ గార్డు బ్రహ్మం చెప్పినాడు. చీకటికోనలోకి గుర్రాన్ని దింపితే అది మాత్రం ఏం చేస్తాది? అక్కడి రాళ్ల మీద నాచు నడి వేసవిలో కూడా ఆరదు. మా పల్లె ముసలోళ్లు చెప్పులు చేత పట్టుకొని, కూర్చొని కూర్చొని దిగుతారు. మీరేమో చెట్లకు నంబర్లు వేయించేదానికి గుర్రమెక్కి పోతిరి.

పడితిరి.

నవ్వొద్దు. నవ్వితే నరం పట్టేస్తాది.

సోమవారం పొద్దున కోనలో గొడ్డళ్లు దిగుతాయంట కదా. కంట్రాక్టరు మనుషులు అప్పుడే వంక పక్కన గుడిసెలు వేసినారు, ఇప్పుడు చూసుకుంటానే వచ్చినా. యుద్ధమంట, పట్టాల కిందికి స్లీపర్లు కావాలంట, మద్రాసు నుంచి కాగితం వచ్చిందంట. యుద్ధం యాడనో జరుగుతాది. చెట్టు మాత్రం గిద్దలూరు కొండల్లో పడాల.

స్లీపరంటే ఏందో నాకు మీరు చెప్పొద్దు. ఈ నల్లమలలో రైలుదారి వేసేటప్పుడు నాకు పదహారేళ్లు. పొద్దు పొడిచినప్పటి నుంచి గుంకేదాకా ఈ భుజం మీదనే మోసినా. ఒకనాడు ముందరోడు జారినాడు, దుంగ బరువంతా నా మీదికి వచ్చె. భుజం గూడు వదిలి వెనక్కి పోయింది. మేస్త్రీ వచ్చి చూసి, ఇంకొకణ్ణి పిలవండిరా అన్నాడు. ఆయన చూసింది నన్ను కాదు, ఖాళీ అయిన చోటును.

మా నాయన ఆదెయ్య నన్ను వీపున వేసుకొని ఇంటికి తెచ్చినాడు. ఎముకను గూట్లో కూర్చోబెట్టి, ఈ మందే పూసినాడు. అప్పటిదాకా గొడ్డులాగా అరిచినోణ్ణి, పూసిన కొంతసేపటికి గంజి అడిగినా. ఆ పూటే అనుకున్నా, బతికితే ఈ పని నేర్చుకొని బతకాల అని.

నాయన గంగమ్మ పేరు చెప్పి పూసేవాడు. మేము బాప్తిస్మం తీసుకొని, నాకు దేవరాజని పేరు పెట్టినాక, నేను ప్రభువు పేరు చెప్పి పూస్తున్నా. మందు ఎవరి పేరుకూ మారలేదు.

బేస్తవారిపేట నుంచి బండి కట్టుకొని వస్తారు దొరా. కొనకనమిట్ల నుంచి ముసలి తల్లిని మంచంతో సహా మోసుకొచ్చినారు మొన్న ఏడాది. ఊర్లో పెద్ద రైతులు మామూలు రోజుల్లో నన్ను వాకిలి అవతలనే నిలబెడతారు. నడుం పట్టుకుంటే మాత్రం, వాళ్లే మా గూడెంలోకి నడిచొచ్చి నా గుమ్మం ముందర చాప మీద పడుకుంటారు. నొప్పి అంత పని చేయిస్తాది.

ఈ పక్కన నొక్కితే ఎట్లుంది? ఊ. ఇంకా ఉంది. ఉండనీ.

కోనను వదిలేయండి అని మొన్న అడిగినా మిమ్మల్ని. కారణం చెప్పమన్నారు. మా వంకకు నీళ్లు ఆడి నుంచే వస్తాయన్నా. నీళ్ల సంగతి వేరే కచ్చేరీ వాళ్లు రాయాలన్నారు. తేనెపట్లు ఉన్నాయన్నా. పట్లు ఇంకో కోనలో పెట్టుకుంటాయన్నారు. పులి తిరుగుతాదన్నా. పులికి కొండలు కరువా అన్నారు. ఏం చెప్పినా మీ కాగితం దాన్ని మింగదు, కక్కదు.

పోనీ ఒక్కసారి మీరే ఆలోచించండి. మార్కాపురం పక్కకు పోతే పలకరాయి పొయ్యి మీది పెనంలాగా కాలుతుంటాది. అంత ఎండల్లో కూడా ఆ కోనలో మిట్టమధ్యాహ్నం నిలబడితే ఒళ్లు జలదరిస్తాది. ఎండ నేలను తాకదు. ఆ నీడ ఒక్కనాటిది కాదు. ఆ మద్దిమాన్లు, ఆ నేరేళ్లు మా తాత పుట్టకముందే ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకొని నిలబడినాయి. మీరు నరికేది మాన్లే అనుకుంటున్నారు. నీడను నరుకుతున్నారు. మాను మళ్లీ మొలుస్తాదేమో. ఆ నీడ కింద బతికేది ఒక్క వేసవికి మాడిపోతాది. మళ్లీ రాదు.

ఏముంది ఆ నీడ కింద అంటారా?

ఉంది లేండి. ఏదో ఒకటి ఉంది.

ఏందీ? నా మందు ఉండే కొండను మీరు కాపాడినారు గదా, ఇంకా ఈ అరుపులేందని అడుగుతున్నారా?

కాపాడినారు. అబద్ధం ఆడను. కాపాడినారు.

నిన్న ఇక్కడి నుంచి పోతుంటే బ్రహ్మం దారిలో ఇంకో మాట చెప్పినాడు. ఈ ఏడు నరికే వంతు గద్దలకొండదంట. కాగితంలో గద్దలకొండ అనే వచ్చిందంట. మీరే పైవాళ్లకు రాసి, గద్దలకొండ మీద మందుచెట్లు ఉండాయి, పేదోళ్లు వాటి మీద బతుకుతుండారు, దానికి బదులు చీకటికోనను తీసుకోండి అని మార్పించినారంట. నిజమేనా?

నిజమే అన్నమాట.

నా కోసం.

ఎంత పని చేసినావయ్యా నువ్వు.

నువ్వు అన్నానా? నా డెబ్బై ఏళ్ల వయసు అన్నది దొరా, నేను కాదు. క్షమించాల.

మూడేళ్ల కిందటి సంగతి మీకు యాదికుందా? కొత్తగా వచ్చినారు ఈ రేంజికి. అంతకుముందు వచ్చినోళ్లు మా గూడేనికి వస్తే కట్టెమోపు లాక్కోవడానికే వచ్చేవాళ్లు. మీరు వచ్చి నా గడప మీద కూర్చున్నారు. నా పెండ్లాం రత్నమ్మ మజ్జిగ ఇస్తే తాగినారు. ఆమె బతికినన్నాళ్లు ఆ సంగతి పది మందికి చెప్పుకుంది. అప్పుడు మీరు జేబులో నుంచి పుస్తకం, పెన్సిలు తీసి అడిగినారు. పెద్దాయనా, నీ మందు ఏ చెట్టుది, యాడుంటాది, చెబితే రాసుకుంటా, ఆ పక్క గొడ్డలి పోకుండా చూస్తా అని.

నా పుట్టుకలో ఏ సర్కారు మనిషీ నన్ను అట్ల అడగలేదు.

అప్పుడు నేను చేయి ఎత్తి గద్దలకొండను చూపించినా.

అందుగు చెట్టు బంక అని చెప్పినా. మీరు రాసుకున్నారు. రాసుకున్నది నాకు మళ్లీ చదివి వినిపించినారు కూడా. నేను తల ఊపినా.

కదలొద్దు. లేవొద్దు దొరా, పట్టు జారిపోతాది. చెప్పేది పూర్తిగా వినండి, తర్వాత గార్డుతో నన్ను తన్నించినా పడతా.

ఇందులో అందుగు బంక చుక్క కూడా లేదు. ఎప్పుడూ లేదు. పైన కనిపించేది వావిలాకు, అది ప్రతి దొడ్లో ఉంటాది. అందరి ముందర దాన్నే ఉడకబెడతా. అసలుది ఇంట్లోనే నూరి, ముద్ద చేసి, ఆకు కింద పెడతా. చూసినోడికి వావిలాకు తప్ప ఇంకోటి కనిపించదు. మా నాయన నాకు నేర్పిన మొదటి పాఠం అదే, మందు చేసేది కాదు, మందును దాచేది. తేవడానికి పోయేటప్పుడు ఒకసారి పోయిన దారిన ఇంకోసారి పోకూడదు. ముందు ఎదురు దిక్కుకు నడిచి, ఎవరూ రాలేదని చూసుకొని, అప్పుడు మళ్లాల.

నాయన నన్ను నీళ్లలో నిలబెట్టి ఒట్టు వేయించుకున్నాడు. నీ తర్వాత ఈ పని చేసేవాడికి తప్ప దీని పేరు, దీని చోటు ఇంకెవరికైనా చెబితే, నీ చేతిలో మందు నీళ్లయిపోతాదిరా అన్నాడు. నీళ్లు. అంతే, పూసినా పూయనట్టే. వాళ్ల నాయన ఆయనకు అట్లే చెప్పినాడంట.

మీరు పెన్సిలు పట్టుకొని కూర్చున్నప్పుడు నా కళ్ల ముందర అదే కనిపించె. రేపు పొద్దున ఎవడో బిడ్డ చేయి విరిగి ఏడుస్తుంటే, నేను పూసేది ఉట్టి పసరు అయిపోతే ఏం చేసేది అని. అందుకని వేలు పక్కకు తిప్పినా. అబద్ధం అనిపించలేదు దొరా, కాపలా అనిపించింది.

మీరు మాట మీద నిలబడినారు. గద్దలకొండ చుట్టూ హద్దురాళ్లు నాటించినారు. మేకలు ఎక్కకూడదని గార్డును పెట్టినారు. మాల్యాద్రి మేకలు తెలియక ఎక్కితే బందెలదొడ్డికి తోలించి జరిమానా కట్టించినారు. ఒకసారి కాదు, మూడుసార్లు. వాడు మా పల్లెలో నాకంటే మంచోడు. చివరికి విసిగిపోయి మంద అమ్ముకొని కురిచేడు పోయినాడు. ఇప్పుడు స్టేషను కాడ మూటలు మోస్తున్నాడు. పోయేముందు నా దగ్గరికి వచ్చి ఏమన్నాడో తెలుసునా? పోనీలే మామా, నీ మందుచెట్లన్నా చల్లగుంటాయి, అన్నాడు.

నేను అప్పుడు కూడా నోరు మెదపలేదు.

పాస్టరు సత్యానందం అయ్యగారికి ఒక్కరికి చెప్పుకున్నా, పోయిన ఆదివారం. పేరు చెప్పలేదు, ఒట్టు ఉందని మాత్రమే చెప్పినా. అట్లాంటి ఒట్టు దేవుని ముందర ఒట్టు కాదు దేవరాజూ, పోయి చెప్పేయి అన్నాడు. ఆయనకేం, ఎంతైనా చెబుతాడు. ఆయన చేతిలో మందు లేదు కదా.

అందుకే ఈ మూడు రోజులూ నీళ్లన్నా, తేనె అన్నా, పులి అన్నా. అసలుది తప్ప అన్నీ చెప్పినా. మీరు ఏదో ఒకదానికి కరిగితే బాగుండు, నా ఒట్టు నాకు ఉండు, కోన కోనకు ఉండు అని. మీరు కరగలేదు. కరగకపోవడం కూడా మీ తప్పు కాదు. నాకు ఇచ్చిన మాటకు కట్టుబడే కదా ఆ కోనను అప్పగించినారు.

సోమవారం ఆ మాన్లు పడితే, వచ్చే వేసవికి ఒట్టు మిగులుతాది, మందు మిగలదు. ఇంత చిన్న లెక్క ఇన్నాళ్లు నా బుర్రకు ఎక్కలేదు.

రాసుకుంటారా? పెన్సిలు వద్దులేండి, గుర్తు పెట్టుకోండి.

అది చెట్టు కాదు. తీగ. మేము దాన్ని చెమ్మతీగ అంటాం. చీకటికోనలో రెండో జలపాతం దాటినాక, ఎడమ పక్క బండల మీద పాకుతాది. ఆకు బొటనవేలంత, వెనక తెల్లని నూగు. ఇంకెక్కడా లేదు, నల్లమలలో యాభై ఏళ్లు వెదికినా. ఎండ తగిలితే మూడు రోజులు బతకదు. మీరు పడినారే, నాచురాళ్లు, దానికి పది బారల పైన.

చెప్పేసినా.

ఉండండి, లేవొద్దు. ఇంకొక్క పట్టు ఉంది. ఈ ముద్ద ఇంటి కాడ నూరుకొచ్చిందే. చెప్పినాక పూసే మొదటిది ఇది. ఒకటికి రెండుసార్లు అద్దుతున్నా, పట్టించుకోవద్దు. మందు పేరు బయటపెట్టి పూయడం అలవాటు లేక.

సాయంత్రం టపా బండికి అందేటట్టు కాగితం రాస్తానంటారా? రాయండి. సోమవారం లోపల జవాబు వస్తాదో రాదో నాకు తెలియదు, మీకూ తెలియదు. కంట్రాక్టరు మనుషులు ఇప్పటికే గొడ్డళ్లు నూరుతున్నారు. దేవరాజు అనే ముసలోడు అబద్ధం ఆడినాడని కూడా రాయండి. దాయొద్దు. దాచింది చాలు.

ఆ, ఇప్పుడు ఆకు తీస్తున్నా. మెల్లగా పక్కకు తిరగండి. చేయి ఊతమివ్వండి. కాళ్లు కింద పెట్టండి, ముందు ఒకటి. లేచి నిలబడండి. వంగి చూడండి, భయపడొద్దు. ఇంకొంచెం వంగండి.

ఏమంటుంది నడుం?

తగ్గిందా?

నాకోసం చెబుతున్నారా, నిజంగానేనా? ఇంకోసారి వంగండి.

అంత కిందికి వంగుతున్నారే.

తగ్గింది.

అంటే నాయన చెప్పింది ఉట్టి మాటే. వాళ్ల నాయన చెప్పిందీ ఉట్టి మాటే. ఆనాడు నా గడప మీద కూర్చొని మీరు అడిగినప్పుడు నిజం చెప్పినా ఈ మందు ఇట్లనే పని చేసేది. మాల్యాద్రి తన మేకలతో ఇక్కడే ఉండేవాడు.

బుట్ట ఇట్ల ఇవ్వండి, పోతా.

తగ్గకపోయుంటే బాగుండేది దొరా.