పై వార్డులో ఉన్నవాడు

మాజీ సైనికుల ఆస్పత్రిలో అది సోషల్ వర్కర్ల గది. సైన్యం వదిలి వచ్చి మళ్ళీ చదువుకున్న అతను, ఆ విభాగం పెద్దావిడ ఎదురుగా చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు.

“డిగ్రీ ఉంది. సోషల్ వర్క్‌లో పీజీ ఉంది. ఫీల్డ్ ట్రైనింగ్ అయింది, లైసెన్సు పరీక్షా గట్టెక్కారు. ఇంకేం కావాలి? మరి మొహం అలా వేలాడేశారేంటి?”

“ఒక్క మాట చెప్పాలి మేడమ్. మా అక్క చెప్పొద్దంది. కానీ దాచిపెట్టి చేరితే నాకు నిద్ర పట్టదు.”

“చెప్పండి.”

“సైన్యం నుంచి వచ్చాక ఇక్కడే, పై వార్డులో ఉన్నాను. రోగిగా. తలుపు ధడాలున పడితే మంచం కింద దూరేవాణ్ణి. ఇప్పటికీ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను.”

ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. ఇక లాభం లేదనుకుని అతను లేవబోయాడు.

“వెళ్ళడం మానేశానని మీరు అనుంటే భయపడేదాన్ని. వెళ్తున్నారుగా! నేనూ వెళ్తాను. ఈ పని చేస్తూ మనసులో అన్నీ మోసుకు తిరగలేం.”

“అంటే... నేను పనికొస్తానా?”

“సోమవారం వచ్చెయ్యండి. పై వార్డులో కొత్తగా చేరినతను ఎవరితోనూ పెదవి విప్పడం లేదు. ముందు అతని దగ్గరికి వెళ్ళండి.”

“ఏం మాట్లాడాలి?”

“అప్పట్లో మీతో ఏం మాట్లాడారు?”

“ఏమీ లేదు. ఒకావిడ వచ్చి నేల మీద కూర్చుని, బత్తాయి ఒలిచి, సగం తొనలు మంచం కిందికి జరిపేది.”

“తిన్నారా?”

“మొదట్లో లేదు. తర్వాత తర్వాత ఆవిడ కోసం ఎదురుచూసేవాణ్ణి.”

“ఇంకేం, మీకు పని వచ్చేసినట్టే!”

గుండెల మీది కుంపటి దిగినట్టయి, అతను పైకే నవ్వేశాడు.