పదికి పదీ తప్పే

బళ్లో లెక్కలన్నీ యాప్‌లోకి మారాక, తప్పులు ఎక్కువ చేసిన పిల్లలకే టీచరమ్మ ఫోన్ చేసి విడమరిచి చెబుతోంది. ఆ సాయంత్రం మళ్ళీ నాలుగో తరగతి గడుగ్గాయికే చేయాల్సివచ్చింది.

“ఇవాళ పదికి పదీ తప్పేనటే తల్లీ?”

“అవును టీచర్.”

“కళ్ళు మూసుకుని నొక్కినా ఒకటో రెండో తగులుతాయి కదే! పదీ తప్పు పెట్టాలంటే, పదీ వచ్చి ఉండాలి.”

టీచరమ్మ గొంతు తగ్గించింది.

“చెప్పు, ఏమీ అననులే.”

“కరెక్టుగా పెడితే చప్పట్ల బొమ్మ వస్తుంది టీచర్. తప్పు పెడితే మీరు ఫోన్ చేస్తారు.”

టీచరమ్మ కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు.

“దొంగపిల్లా! రేపు అన్నీ కరెక్టుగా పెట్టు. అయినా చేస్తాను.”

“ఒట్టేనా?”

“ఒట్టు.”

“పోనీ, ఒక్కటి తప్పు పెట్టనా టీచర్, మీరు మర్చిపోకుండా?”