మోనాచారి చేసిన కుర్చీలు

మోనాచారని ఒక వడ్రంగి ఉండేవాడంట. దొర మేడలో హాలు నిండా అతను చేసిన కుర్చీలే. సింహం పంజాల కాళ్లది ఒకటి, నెమలి పురి విప్పినట్టు వీపున్నది ఒకటి, కాళ్లు చాపుకునే పడక కుర్చీ, పేము అల్లిన గుండ్రటిది. ఒకదానిలా ఇంకోటి ఉండదు. దొరకి అదే పిచ్చి. కూర్చునేది లేదమ్మా, వచ్చినోళ్లకి చూపించుకోడమే.

ఏమైందంటే, ఆచారి పెళ్లాం కాళికమ్మకి నడుం పడిపోయింది. గోడకి ఆనిస్తే పక్కకి ఒరిగిపోద్ది. అన్నం తినాలన్నా పడుకునే, వాకిలి చూడాలన్నా పడుకునే. ఆచారి ఆమె వీపు వంపు చేత్తో తడిమి చూసుకుని, దానికి తగ్గట్టు ఒక కుర్చీ చేశాడు. అందులో కూర్చుని కాళికమ్మ చాన్నాళ్లకి తన ముద్ద తనే కలుపుకుందంట. ఆ సంగతి దొర చెవినబడింది. వచ్చి చూశాడు. ‘ఇట్టాంటి వంపు నా హాల్లో లేదే ఆచారీ’ అన్నాడు. అయ్యా, అది జబ్బు మనిషి కోసం అంటే, ఇంకోటి చేసుకోవోయ్, చెయ్యి నీదే కదా అని మోయించుకుపోయాడు. కాళికమ్మ మళ్లీ చాప మీదికొచ్చింది.

ఇంకోటి చేశాడు, వేరే రకంగా. అదీ దొర మేడకే పోయింది. అప్పుడు కాళికమ్మ, ‘ఏమయ్యా, ఈసారి అందం వద్దు. మొరటుగా నాలుగు చెక్కలు కొట్టియ్యి. చూసినోడు మొహం తిప్పుకోవాల. అప్పుడే నాకు మిగులుద్ది’ అంది. సరేనని మొరటుగానే కొట్టాడు, చిత్రిక కూడా పట్టలేదు. తీరా ఆమెని ఎత్తబోయి ఆగాడంట. వీపు చెక్క బోసిగా ఉంది, చూళ్లేకపోయాడు. ఒక్క చిలకే కదా అని ఉలి తీశాడు. చిలకయ్యాక కొమ్మ కావాలనిపించింది, కొమ్మయ్యాక కాయ. పొద్దువాలేసరికి దొర హాల్లో వాటన్నిటికన్నా బాగుందనుకో. ఇంక చెప్పాలా? మర్నాడే దొర మనుషులొచ్చారు.

కాళికమ్మ ఏడవలేదంట. ‘నా నడుం కోసం చేశావా, నీ చెయ్యి ఊరుకోక చేశావా?’ అంది. ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. వానలు ముదిరేలోపు పోయింది.

ఆచారుల కులంలో పోయినోళ్లని కూర్చోబెట్టి పూడుస్తారు కదా. ఆచారే గోతిలోకి దిగి, ఆమె వీపు వెనక మట్టి అదిమి అదిమి వంపు చేశాడంట. ‘ఒరగటంలేదు, చూడండి, ఒరగటంలేదు’ అంటా ఏడ్చాడు. పైకి రమ్మంటే రాడే! నలుగురు పట్టి లాగారు.

మట్టి కుర్చీ కదా, దాన్ని మటుకు ఏ దొరా ఎత్తుకుపోలేదు. ఏం చెప్పను.