ఆగమంటే ఆగని ప్రోగ్రాం

టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడన్న మాటేగానీ మనవాడి ప్రాణమంతా పై అంతస్తులోని కంప్యూటరు దగ్గరే ఉంది. రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్ల పని వాడిదే. ముగ్గురు రోగులకు పంపాల్సిన మెసేజి, వాడి తెలివితేటల పుణ్యమా అని, జాబితాలోని తొమ్మిది వేలమందికీ వరసగా వెళ్తోంది: "మీ రిపోర్టు వచ్చింది. వెంటనే వచ్చి డాక్టరుగారిని కలవండి."

కంట్రోలు, సీ మీటలు కలిపి నొక్కితే ఎంతటి ప్రోగ్రామైనా ఆగాలి. నలభైసార్లు నొక్కాడు. ఆగలేదు. ఆపడం తెలిసిన సీనియరక్క టీకి దిగిందని తెలిసి మెట్లు రెండేసి దూకుతూ వచ్చాడు. తీరా చూస్తే ఆవిడ చుట్టూ నలుగురు. "నా మాట వినని ప్రోగ్రాం ఇంకా పుట్టలేదు" అని నిన్న వీళ్ల ముందే కోశాడాయె! 'నాకు తెలీదక్కా' అన్న మాట గొంతుకు అడ్డంపడి, దాని పక్కనుంచి కోత బయటికొచ్చింది.

"పాత ఉద్యోగంలో లెండి, ఒక ప్రోగ్రాం కంట్రోల్ సీ కొడితే ఆగలేదు. నేనూరుకుంటానా? మళ్లీ కొట్టా."

"ఆగిందా?" అన్నాడు టీకొట్టాయన.

"ఆగితే చెప్పుకోడానికేముంది? వెయ్యిసార్లు కొట్టా. సీ అక్షరం అరిగి నా వేలికి అంటుకుంది. మూణ్ణెల్లపాటు ఎక్కడ వేలు పెడితే అక్కడ సీ అచ్చు, మా ఆవిడ చెంప మీద కూడా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంప్యూటరు వైరు పీకేశా. అయినా నడుస్తోంది!"

"కరెంటు లేకుండానా?" అన్నాడు పక్కకొట్టు దర్జీ.

"అలవాటు మీద నడుస్తోందయ్యా! ఎత్తుకెళ్లి నీళ్ల ట్యాంకులో పడేశా. నీళ్లు సలసలా కాగాయి. వీధంతా వారంరోజులు పొయ్యి ముట్టించకుండా వేణ్ణీళ్లు పోసుకుంది!" అని నుదుటి చెమట తుడుచుకుని, అక్కను ఓరకంట చూశాడు. "అలాంటప్పుడు అనుభవమున్నవాళ్లయితే ఏం చేస్తారంటావక్కా? ఊరికే, మాటవరసకి."

"ముందు నువ్వేం చేశావో చెప్పు" అంది అక్క, టీ ఊదుకుంటూ.

అంతలో బల్ల చివరి పెద్దాయన ఫోను కీచుమంది. చదువుకున్నాడు. గబుక్కున లేవబోతే టీ చొక్కా మీద ఒలికింది. "వెంటనే రమ్మంటున్నారే... మొన్న ఏం లేదన్నారుగా! ఇంట్లో ఏమని చెప్పను?"

మనవాడి నోట్లో కోత ఎండిపోయింది. "మీకేం కాలేదు బాబాయ్‌గారూ! అది నేను పంపిందే. పొరపాటున అందరికీ పోతోంది. నలభైసార్లు నొక్కా, ఆగట్లేదు."

ఎవరూ నవ్వలేదు. అక్క గ్లాసు కింద పెట్టింది.

"ఏ తప్పొచ్చినా పట్టించుకోకుండా ముందుకు పొమ్మని రాశావా అందులో?"

"రాశా. మధ్యలో ఆగిపోకూడదని."

"మరి నువ్వు ఆగమనడమూ దాని దృష్టిలో ఒక తప్పే. నువ్వు నేర్పినట్టే పట్టించుకోవట్లేదు. వెళ్లి తెర మీద అది నడుస్తున్న ఆ నల్ల కిటికీ మొత్తం మూసెయ్, చస్తుంది. నిమిషానికెన్ని పోతున్నాయి?"

"నలభై."

"పది నిమిషాలు కథ చెప్పావు. వచ్చీరాగానే తెలీదని ఒక్కమాట అనుంటే నాలుగొందలమంది గుండెలు పదిలంగా ఉండేవి. ఒక్కొక్కరికీ నువ్వే ఫోన్ చేసి చెప్పుకో."

మనవాడు అప్పటికే మెట్ల మీదున్నాడు. చొక్కా దులుపుకుంటూ పెద్దాయన వెనకనుంచి కేకేశాడు:

"నాకు చెప్పేశావుగా నాయనా, ఒకటి తగ్గింది. పరిగెత్తు!"