గొర్రెకు పొడిచిన మందు

(1949. అడవుల్లోని సాయుధ పోరాట దళాల కోసం మిలిటరీ గాలిస్తున్న రోజులు. సూర్యాపేటలో దామోదర్ డాక్టరు మందుల గది. తుంగతుర్తి దిక్కు నుంచి వచ్చిన గొర్లకాపరి రుక్కమ్మ గడప దాటకుండా నిలబడింది.)

"లోపలికి రా రుక్కమ్మా. గాడ నిలబడి చెప్తే ఎట్ల?"

"గీడనే బాగుంది డాక్టర్‌సాబ్. మొన్న మీరిచ్చిన సూదిమందుకు మా తమ్మునికి జరం దిగలే. గది చెప్పి పోదామని వచ్చిన."

"పెన్సిలిన్‌కు దిగలేదా? రెండు సీసాలు పొడిచిన్రా?"

"పొడిచినం."

"రెండూ మీ తమ్మునికేనా?"

"ఆఁ... పొడిచినం అంటున్న గద."

"నేనడిగింది అది కాదు. ఒకటి అడవిల దళపోళ్లకు పోయిందా?"

"గాళ్లకెందుకు పోతది? ఒకటి గొర్రెకు పొడిచినం."

"గొర్రెకా?"

"మంద కొత్త మేత కాడికి పోతే ముందుగాల ఒక ముసలి గొర్రెను మేపి సూస్తం. దానికేం కాకుంటెనే మందను ఇడుస్తం. మీ మందు గూడ గట్లనే సూసినం. గొర్రె బాగనే మేస్తుంది. మనిషే లేస్తలేడు."

"అంటే, నేను విషమిస్తననుకున్నవా?"

"మీరు మిలిటరీ క్యాంపుకు పోతరట గద."

"జ్వరాలు గాళ్లకు గూడ వస్తయి. పిలిస్తే పోత."

"మీ సొంత తమ్ముడు యాడ దాక్కున్నడో గూడ గాళ్లకు చెప్పిండ్రట. అందరు అనుకుంటున్నరు."

"చెప్పిన. జైల్ల ఉంటే పానంతోనన్న ఉంటడు, అడవిల ఉంటే కాల్చి పారేస్తరనుకున్న. వాడు తప్పిచ్చుకున్నడు. ఇప్పుడు ఉన్నడో లేడో... వాని సంగతి నీకెందుకు? మీ తమ్ముడు బీరన్న సంగతి చెప్పు. కడుపు ఉబ్బిందా?"

"ఉబ్బింది. నాలుక తెల్లగ పూసింది. తెలివి తప్పి ఏదేదో మాట్లాడుతుండు."

"ఏం మాట్లాడుతుండు?"

"ఏదో... ఇంటి సంగతులు."

"ఇది టైఫాయిడ్. నువ్వు దగ్గు, జ్వరం అంటే పెన్సిలిన్ ఇచ్చిన. ఈ పురుగుకు అది పని చెయ్యదు. మీ దొడ్డి సుట్టు ముండ్లకంప ఉంటది సూడు, దీని సుట్టు గసొంటిదేదో ఉంటదంటరు. పెన్సిలిన్ బయటనే ఆగిపోతది. ఇగో, ఈ గోలీలైతే కంప దాటి లోపలికి పోతయి. క్లోరోమైసిటిన్. కొత్తగ వచ్చింది. పట్నంల దోస్తు కాళ్లావేళ్లా పడి తెప్పిచ్చిన."

"గంత పరేషానై తెప్పిచ్చి, ఎవలో గొర్లోనికి ఎందుకిస్తున్నరు?"

"అడవిల ఉన్నోళ్లకు ఈ జ్వరమే తగులుతుందని విన్న. మావాడు ఎన్నడన్న వస్తడని దాసిపెట్టిన. వాడు రాలే. నువ్వొచ్చినవ్."

"గివేనా ఆ గోలీలు?"

"తీస్కో. ఏం సూస్తున్నవ్?"

"ముందుగాల మీరొకటి మింగుండ్రి."

"నేను మింగితే వానికి తక్కువైతది. గొర్రెకు గూడ పెట్టొద్దు. ఉన్నయన్నీ వాని కడుపులకే పోవాలె. లేకుంటే బతకడు."

"మీరు మింగకుంటె నేను తీస్కపోను."

"ఎంత మొండిదానివే... సరే, సూడు. గోలీ ఇప్పి జరంత పొడి నాలుక మీద ఏసుకుంటున్న. మిగిలింది పొట్లం కడ్త, పారబొయ్యకు. అబ్బ, యాపాకు నయం. సాలునా?"

"సాలు. ఇగ గొర్రెకు పెట్ట."

"మనిషి మందు గొర్రెకు పొడిచి సూడాలని నీకెట్ల తోచిందో నాకు సమజైతలేదు."

"నాకు తోచలే డాక్టర్‌సాబ్. మా దొడ్డికి వచ్చినప్పటి నుంచి ఆయన మా మేత పద్ధతులన్నీ సూసిండు. మొన్న జర తెలివిలనే ఉండె. సీసా సూసి, 'మా అన్న ఇచ్చిన మందా? ముందుగాల గొర్రెకు పొడిచి సూడక్కా' అన్నడు."