కాకి వాలని కొండ

నరసరావుపేటలో కోటప్పకొండ ఆటోలు ఆగే చోట షఫీక్ టీ బంకు. సాయంత్రం కోటిలింగం వచ్చి బల్ల మీద కూర్చున్నాడంటే ఇక మిగతావాళ్లు చెవులప్పగించాల్సిందే. ముప్పై ఏళ్లు లారీ తోలాడు. లారీ దిగాడు గానీ నోటికి మాత్రం బ్రేకు పడలేదని, పక్కన కొబ్బరికాయలమ్మే ప్రమీలమ్మ ఎగతాళి చేస్తుంటుంది.

పెళ్లాం తిరుపతమ్మ పోయిన దగ్గర్నుంచి ఆయన కోతలు మరీ సాగుతున్నాయి. ఇంటికి పోతే పలకరించే దిక్కు లేదు, అందుకే మాట తెగనివ్వడని షఫీక్‌కి తెలుసు. ఎంతసేపు చెప్పినా మామా మామా అంటూ ఊ కొడతాడు.

ఆ రోజు తిరుపతమ్మ సంవత్సరీకం. కోటిలింగం గుడ్డసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"పొద్దున కొండకు పోయా అల్లుడూ. మీ అత్త, ఒక్క తిరణాలకన్నా కొండకు తీసుకపోవయ్యా అని పోరింది. నాకా, ఎప్పుడు చూడూ లోడే. ఆనక దానికి మోకాళ్లు పోయి కుంటటం మొదలైంది. సరే, బతికుండంగా ఎట్టాగూ కాలేదని, గారెలు వండి, గోంగూర నూరి, అన్నంతో పాటు ఆకులో పెట్టుకుని పోయి, మెట్ల పక్క పిట్టగోడ మీద పెట్టా, కాకికి."

"కాకికా? ఆ కొండ మీద కాకి వాలదని చంటిపిల్లల్ని అడిగినా చెప్తారే" అంది ప్రమీలమ్మ, పీచు లాగుతూనే.

"అక్కడే ఉంది స్వామి మహిమ. మూడుసార్లు కా కా అని పిలిచా. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అప్పుడు గుడి వైపు తిరిగి, ఏమయ్యా కోటయ్యా, తిరణాల్లో తొంభై అడుగుల ప్రభ బండి పక్కకి ఒరిగితే ఒంటి భుజంతో ఆపినోణ్ణి, నాకొక్క కాకిని పంపలేవా అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది మామా?" షఫీక్ టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు.

"గంట దానంతటదే మోగింది. ఎడ్లపాడు నుంచి ఒకటి, కొండవీడు నుంచి పది, మాచర్ల నుంచి వెయ్యి, ఇక చూడు, మిట్టమధ్యాన్నం ఆటోలోళ్లు లైట్లేసుకున్నారు. ఎగబడినయ్యనుకున్నావా? లేదు. క్యూ కట్టినయ్. ముసలి కాకులు ముందు, పిల్లల తల్లులు ఆ వెనక. మొక్కు తీర్చుకున్న కాకి ఒకటుంది, గుండు తళతళలాడతా."

"కాకికి గుండా మామా?"

"గుండుకి గంధం కూడా పూసుకుంది. అది గాదు, అన్నిటికన్నా వెనక ఒకటి కుంటుతా వచ్చింది. గారె కొరికి నా మొహాన చూసింది. ఉప్పెక్కువైంది, నీకు చేతగాదని చెప్తే వింటివా, అంది. అచ్చం మీ అత్త గొంతే. ఎగరబోయి మళ్లీ ఆగి, నువ్వు తిన్నావా అనడిగింది."

ప్రమీలమ్మ చేతిలో కాయ కింద పెట్టింది.

"మరి తిన్నావా అన్నయ్యా?"

కోటిలింగం సంచీ మూతి బిగించి పట్టుకున్నాడు.

"కాకి ముట్టినాకనే గదా ఇంట్లో మనిషి తినేది. అన్ని వేల కాకులు ముట్టినయ్యంటివి. ఆ టీ మీద మీగడ కట్టింది చూడు. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టినట్టు లేవే."

ఆయన సంచీ మూతి విప్పాడు. ఆకులో పెట్టింది పెట్టినట్టే ఉంది.

"రాలేదు చెల్లెమ్మా" అన్నాడు. "మూడింటి దాకా పిలిచా. కోతులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చున్నా. అక్కడ కాకి వాలదని నాకు మాత్రం తెలవదా? అంత మహిమ గల దేవుడు, మీ వదిన కోసం ఒక్కపూట ఒక కాకిని పంపకపోతాడా అనుకున్నా. దానికే నా మీద కోపం పోలేదేమో."

షఫీక్ ఆయన్ని లేపి బల్లని బంకు వారకి జరిపాడు. "ఈ బంకు పైరేకుల మీద పెట్టు మామా. నా బన్నులెత్తుకపోయే కాకులు ఇక్కడే తిరుగుతుంటయ్."

షఫీక్ పట్టుకుంటే కోటిలింగం బల్లెక్కి, ఆకు విప్పి రేకు మీద పెట్టాడు. కా కా అన్నాడు. పొద్దుటి నుంచి అరిచిన గొంతు, సరిగా పెగల్లేదు. ఆటోలు వచ్చాయి, పోయాయి. ప్రమీలమ్మ బేరానికొచ్చిన మనిషిని కాసేపాగమంది.

చానాసేపటికి కరెంటు తీగ మీంచి ఒక కాకి రేకు మీదికి దిగింది. అటూ ఇటూ చూసి గారె ముక్క తుంచుకుంది.

కోటిలింగం మెల్లగా బల్ల దిగి కూర్చున్నాడు. షఫీక్ చల్లారిన టీ పారబోసి వేడిది ఇచ్చాడు. కింద నుంచి ప్రమీలమ్మకి రేకు మీద ఏముందో కనపడటం లేదు.

"ఎన్నొచ్చినయ్ అన్నయ్యా?"

"ఒకటే."

"కుంటిందా?"

ఆయన టీ ఒక గుక్క తాగాడు.

"లేదమ్మా. బాగానే నడిచింది."